దొరసామికి ఇంగ్లీషు చదువు

తోడేలును మచ్చిక చేసి కుక్కగా మార్చడానికి మనుషులకు వేల ఏళ్ళు పట్టిందట. అంతటి కష్టాన్నీ ఒక ఆదివారం పొద్దున, కోయంబత్తూరు మైదానంలో, అందరూ చూస్తుండగా బూడిదలో పోయబోయిన ఘనుణ్ణి నేనే.

మాది ఆ ఊళ్ళోనే సింగానల్లూరు. తాతల తాతలనాడే తెలుగునాడు వదిలి ఇటు వచ్చేశాం. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం, జీన్సు తొడిగితే ఇంగ్లీషు. మా కోంబై జాతి నాటు కుక్క దొరసామికి మాత్రం ఒకటే భాష, మా అవ్వ మాట్లాడేది. ఎర్రటి ఒళ్ళు, మసి పూసినట్టు నల్లటి మూతి, పెళ్ళిలో మేనమామ నడిచినట్టు నడక.

నాటు కుక్కల పోటీ అని తెలియగానే దాని పేరు 'డ్యూక్' అని రాయించాను. నలుగురిలో తెలుగులో పిలిస్తే స్నేహితులు నవ్వుతారు కదా! అందుకని మేడ మీద బిస్కెట్లు చూపిస్తూ "సిట్", "కమ్" నేర్పాను. ఇట్టే పట్టేసింది. నేను గొప్ప గురువునని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను.

"దానికి ఇంగిలీసు ఎందుకురా? కలెక్టరు ఆఫీసుకు పంపుతావా?" అంది అవ్వ.

"షోలో అంతా ఇంగ్లీషే అవ్వా. నీకు తెలీదు."

"నాకేం తెలుసులే. కప్పు తెచ్చినా సరే, తేకున్నా సరే. నా దొరసామి లేకుండా మటుకు ఇంట్లో కాలు పెట్టొద్దు."

మైదానంలో జడ్జిగారు సూటూ టైతో, ఇస్త్రీ చేసిన ఇంగ్లీషుతో ఉన్నారు. "నో ఫుడ్ ఇన్ ద రింగ్" అని నా బిస్కెట్లు తీయించేశారు. నేను తగ్గుతానా? "నా డ్యూక్‌కు గొలుసే అక్కర్లేదు సార్" అని అదీ విప్పేశాను.

"సిట్, డ్యూక్!"

దొరసామి నా చెయ్యి చూసింది. ఖాళీ. నా మొహం చూసింది. అదీ ఖాళీయే. అది నేర్చుకున్నది ఇంగ్లీషు కాదు, బిస్కెట్టని నాకప్పుడు తెలిసింది. "ఎన్నడా, డ్యూక్ సార్‌కు చెవుడా?" అని స్నేహితుడు సెంథిల్ తమిళంలో అరిచాడు. అంతలో ఒక పిల్లి అడ్డం పరిగెత్తింది. దాని వెనక దొరసామి. ఎదురుగా తెరిచిన గేటు, ఆవల టౌన్ బస్సుల రోడ్డు.

"కమ్! కమ్, డ్యూక్!" తిరగలేదు.

"ఇంగ వాడా!" అని తమిళంలో రమ్మన్నాను. తిరగలేదు.

బస్సు హారన్ మోగింది. పరువూ, స్నేహితులు నవ్వుతారన్న భయమూ గాల్లో కలిశాయి. నా గొంతులోంచి అవ్వే అరిచింది: "ఒరే దొరసామీ! కూడు తిందువు, బిన్నా రా నా సామీ!"

గేటు దగ్గర బ్రేకు వేసినట్టు ఆగింది. పిల్లిని వదిలి, రోడ్డును వదిలి, నా కాళ్ళ దగ్గరికి వచ్చి పడుకుంది. చేతిలో తిండి లేదు, మెడలో గొలుసు లేదు. ఏనాడో ఏ పొయ్యి దగ్గరి నుంచో ఎవరో ఇలాగే పిలిస్తే అడవినే వదిలి వచ్చిన జాతి అది. మనం ఊళ్ళు మార్చాం, వేషాలు మార్చాం. అది మాత్రం మన వెంటే ఉంది.

కళ్ళు తుడుచుకుని తలెత్తితే నా చుట్టూ జనం. టీ కొట్టు అక్క, గొడుగుతో ఒక తాత, యజమానులను ఈడ్చుకొచ్చిన మరో రెండు కుక్కలు. అందరికంటే ముందు, టై వదులు చేసుకుంటూ జడ్జిగారు.

"ఏమి కూర చేసినారు నాయనా?" అన్నారాయన, అచ్చం మా అవ్వ యాసలో.

ఆనాడే దొరసామి తల మీద చెయ్యి పెట్టి ప్రతిజ్ఞ చేశాను: ఇంటికి ఫోన్ చేసి వంటేమిటో కనుక్కోకుండా, కోయంబత్తూరులో నలుగురి మధ్య నిలబడి ఎవరినీ తెలుగులో కూటికి పిలవను.