కొరమీను నెత్తుటి చుక్క

మొన్న పాపకు జ్వరం తగ్గకపోతే నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాం. ల్యాబులో అమ్మాయి పాప వేలికి సూది గుచ్చి, ఒక్క చుక్కను గాజు పలక మీద పెట్టి, ఇంకో పలక అంచుతో ముందుకు నెట్టింది. పొర మందంగా వచ్చింది. జర పలుచగ తియ్యరాదా అని నోటిదాకా వచ్చింది. పాప ఏడుస్తోంది, మలేరియా ఏమోనని నాకు భయం, అయినా కళ్లు ఆ పలక మీదే ఉన్నాయి. మలేరియా కాదన్నారు, జ్వరమూ దిగింది. పాప నిద్రపోయాక ఇది రాస్తున్నాను. ఆ పలక మాత్రం కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను జంతుశాస్త్రంలో పరిశోధనకు చేరాను. మంచినీటి చేపల నెత్తురులో బతికే పరాన్నజీవులను వెతకడం నా పని. చుట్టాల్లో ఎవరికి చెప్పినా ముక్కు మూసుకునేవారు. చచ్చిన చేప నెత్తురులో ఆ జీవులు చెదిరిపోతాయి కాబట్టి బతికున్న చేపే కావాలి. అందుకని పొద్దున్నే నందికొండలో చేపలమ్మే ఒక అక్క గంప పక్కన చేరేదాన్ని. కొరమీను చేతిలో నిలవదు. జారకుండా అక్క దానికి బూడిద పూసి పట్టుకునేది. గిరాకీ చేపను ఎంచుకున్నాక, అది కత్తిపీటకు చేరేలోపు నేను దాని తోక దగ్గర సూది గుచ్చి చుక్క నెత్తురు తీయాలి. "ఏందమ్మా, చాపలకు గూడ షుగర్ వచ్చిందా?" అని ఒకాయన నవ్వితే, అక్క "నీది గూడ జూస్తది, చెయ్యి జాపు" అంది. ఆయన చేపను కూడా వదిలి వెనక్కి జరిగాడు.

మొదట్లో నా పలకల మీద చిత్రమైన నల్లటి గింజలు కనిపించాయి. కొత్త జీవి దొరికిందని పొంగిపోయి గైడు సారుకు చూపించాను. ఆయన సూక్ష్మదర్శిని నుంచి తల ఎత్తకుండానే "ఇది బూడిదమ్మా" అన్నాడు. డిపార్టుమెంటంతా నవ్వింది. అప్పటి నుంచి తోక దగ్గర బూడిద పూయనివ్వకుండా, తడిగుడ్డతో తుడిచి మరీ నెత్తురు తీసేదాన్ని. "నా చాపకు తానం జేపిస్తున్నవా" అని అక్క విసుక్కునేది. అలా తీసిన పలకల్లో ఒకరోజు, ఎర్ర కణం లోపల, వంకర తిరిగిన చిన్న జీవి కనబడింది. మన ఎర్ర కణాల్లో ఉండదు గానీ చేపల కణం నడుమ కేంద్రకం ఉంటుంది; దాన్ని ఓ మూలకు నెట్టేసి దర్జాగా పడుకుంది. పుస్తకాల్లోని ఏ బొమ్మతోనూ కలవలేదు. సారు "మళ్ల బూడిదేనా?" అన్నాడు. "బూడిదైతే కణం మీద కూసుంటది సార్, లోపలికి పోయి కేంద్రకాన్ని నెట్టదు" అన్నాను. ఆయన ఈసారి చాలాసేపు చూశాడు.

కొత్త జీవిని మొదట వర్ణించిన వాళ్ల పేరు దాని పేరు పక్కన ఎప్పటికీ ఉండిపోతుంది. నాకు కావలసింది ఆ చోటే. ఇంకొన్ని చేపల్లోనూ అదే కనబడితే పరిశోధన పత్రికకు రాయవచ్చు. కనబడింది కూడా. అప్పటికి నాకు నెలలు నిండుతున్నాయి. "కడుపుతోని నెత్తురు ముట్టుడేంది బిడ్డా, లోపలున్నదానికి మంచిదా?" అని అత్తమ్మ భయపడింది. నేనూ భయపడ్డాను. పలకల పెట్టె తెచ్చి సారు బల్ల మీద పెట్టాను. "నిమ్మళంగ కాన్పు చేసుకొని రా. జీవి యాడికి పోతది?" అన్నాడు.

జీవి ఎక్కడికీ పోలేదు. పాపకు అన్నం ముట్టించాక డిపార్టుమెంటుకు పోయి చూస్తే, అది పరిశోధన పత్రికలో అచ్చయి ఉంది. దాని పేరు పక్కన సారు పేరు, ఆయన దగ్గర కొత్తగా చేరిన విద్యార్థి పేరు. బొమ్మలు నా పలకలవే. చివర్లో, చేపలు తెచ్చిపెట్టినందుకు నాకు కృతజ్ఞతలు. "సార్, ఇది నేను చూసిందే గదా" అన్నాను. "చూసుడు వేరు, గుర్తువట్టుడు వేరమ్మా. చంటిపిల్ల తల్లివి, నీకెందుకు గీ తిప్పలు?" అన్నాడు, ఎంతో దయగా. ఆ దయ నాకు ఇప్పటికీ అరగలేదు.

నందికొండ పోయి అక్కకు చెప్పాను. "చాప నాది, నెత్తురు చాపది, పేరు ఆయనది. మరి నడుమ నువ్వేం జేసినవే?" అని పకపకా నవ్వింది. నా మొహం చూసి నవ్వు ఆపి, పాపను ఒళ్లోకి తీసుకుంది.

మళ్లీ పరిశోధన జోలికి పోలేదు. మర్రిగూడలో ఒక బడిలో పిల్లలకు చేప గుండె బొమ్మ గీసి, భాగాలు గుర్తింపజేస్తుంటాను. కొరమీను నెత్తురులో ఆ జీవి ఎన్ని వేల ఏళ్లు పేరు లేకుండా బతికిందో ఎవరూ చెప్పలేరు. అన్నేళ్లు ఆగిన ఆ పేరును, నేను బిడ్డను కని లేచే ఆ కొన్ని నెలలు మాత్రం సారు ఆగనివ్వలేదు.