భూపాలపల్లి దాకా మోసిన అబద్ధాల సంచి

ఇందుమూలంగా యావన్మంది ప్రయాణికులకు తెలియజేయడమేమనగా, బస్సులో కిటికీ పక్క సీటు వయసులో పెద్దవాడిది. చల్లారిన బజ్జీ చిన్నవాడిది. ఈ రెండు శాసనాలూ అమలు చేస్తూనే మా బామ్మర్ది సోమయ్యను భూపాలపల్లి చేర్చాను. వాడు లెక్కల్లో పరిశోధన చేస్తున్నాడు. వాడి గైడు సారు అక్కడ కూతురింట్లో ఉన్నారు, మర్నాడే దూరదేశం ప్రయాణం. ఆలోపు పరిశోధన కాగితాల మీద ఆయన సంతకం పడకపోతే వాడి ఏళ్ల చదువు అటకెక్కినట్టే. సారు ముందు వాడికి నోరు పెగలదు కనుక మా ఆవిడ నన్ను తోడు పంపింది.

జనగామలో తెల్లవారకముందే పాసింజరెక్కి, కాజీపేట మీదుగా పొద్దెక్కేసరికి మహబూబాబాద్‌లో దిగాను. సోమయ్య ఉండేది అక్కడే, స్టేషను బయట కాగితాల కట్టతో ఎదురుచూస్తున్నాడు. ఇద్దరం నర్సంపేట బస్సెక్కాం. టిక్కెట్లు నేనే తీశాను.

"ఇంతకూ నీ చదువేందిర?" అన్నాను.

"లెక్కల్ల ఐడియల్, రాడికల్ అని ఉంటయి, గవాటి మీద. ఐడియల్ అంటే అబద్ధాల సంచి అనుకో బావా. ఒక అబద్ధం అండ్ల ఉంటే, దానికన్న పెద్ద అబద్ధం గూడ అండ్లనే. రెండు కలిపినా అండ్లనే. నిండు నిజం మాత్రం రావద్దు. గది జొర్రితే లోకమంత సంచిలకొస్తది."

"మరి రాడికలో?"

"ఇంకొక్కటి పెడితే నిజం జొరబడేటంత నిండిన సంచులుంటయి. గసొంటి సంచులన్నిట్ల ఉండే సరుకు. ఎన్నిమార్లు కలిపినా నిజం దాక పోనంత చిన్నది."

"నేను మీ అక్కకు చెప్పేటియా?"

"నీయి చిన్నయి కావు బావా."

తల తిరిగింది. బస్సు కుదుపులనుకున్నాను. బస్సాగాక కూడా తిరుగుతూనే ఉంది.

నర్సంపేటలో ములుగు బస్సు కోసం దిగాం. వేడి బజ్జీలు నేను తిన్నాను. వాడు ముట్టలేదు. బజ్జీల బండి అవ్వ అడిగింది: "పిలగానికి జరమా?"

"పరీక్ష అవ్వా."

"గింత మీసమొచ్చినంక పరీక్షేంది!"

సోమయ్య లేచాడు. "నేను వాపస్ పోత బావా. గా రాడికల్ సరుకు మీద సారు ఒక్క ప్రశ్న అడిగితె నా నోరు పడిపోతది."

నేను టీ కొట్టుకెళ్లాను. అక్కడ సారువాళ్ల పక్కింటాయన కలిశాడు. సోమయ్య రుజువు బాగా కుదిరిందని సారు నిన్ననే మెచ్చుకున్నారట. వచ్చి చెప్పగానే వాడు చల్లారిన బజ్జీలన్నీ ఊడ్చేశాడు. ములుగులో, "ఏమన్నడు బావా, ఇంకోమారు చెప్పు" అన్నాడు. భూపాలపల్లిలో దిగాక మళ్లీ చెప్పించుకున్నాడు.

పొద్దు వాలుతుండగా సారు ఆ ప్రశ్నే అడిగారు: "ఈ సరుకు ఎన్నిసార్లు కలిపినా నిజం దాక పోదని ఎట్ల చెప్తవు?"

సోమయ్య తడబడకుండా చెప్పాడు. నాకు మధ్యమధ్య "కాబట్టి" ఒక్కటే అర్థమైంది. సారు కలం తీసి సంతకం పెట్టారు.

తిరుగు ప్రయాణమంతా ఆ సంచుల గురించే ఆలోచించాను, ఒక్కటీ తేలలేదు. వెళ్లేవాళ్లు నర్సంపేటలో మధ్యాహ్నంలోపే బస్సు పట్టుకోండి, తర్వాత బస్సులు పలచబడతాయి. టీ కొట్టులో ఆ పక్కింటాయన కోసం మాత్రం వెతక్కండి. ఆయన్ను పుట్టించింది నేనే. మూడుసార్లు చెప్పేసరికి నిజమై కూర్చున్న ఆ సరుకు ఏ సంచిలోదో నాకింకా అంతుపట్టలేదు.