బోర్డు వెనక బెంచీ

కోటు మీద కూర మరక పడినా, పట్టుచీర మీద సిరా ఒలికినా ఆ వీధిలో అందరూ పరుగెత్తేది డ్రైక్లీనింగ్ షాపావిడ దగ్గరికే. సమాజం మీద పడిన మరకల సంగతి ఎవరు చూస్తారని అడిగితే మాత్రం ఆవిడే స్వయంగా చెయ్యెత్తుతుంది. సేవా క్లబ్బుకు ఆవిడ ప్రెసిడెంటు. ఇంకెవరికీ తీరిక లేదని తేలిన నాటి నుంచీ ఆవిడే ప్రెసిడెంటు. ఏటా ఎన్నిక పెడతారు. ఏటా పళ్ళ డాక్టరు గారు లేచి, "ఈ బరువు మోసే భుజాలు ఇంకెవరికున్నాయండీ?" అంటాడు. అందరూ చప్పట్లు కొడతారు. బరువు ఆవిడ భుజాలెక్కుతుంది, చప్పట్లు కొట్టిన చేతులు బిస్కట్ల పళ్ళెం వైపు వెళతాయి.

ఊరంతా ఆవిడను ప్రెసిడెంటమ్మ అనడం అలవాటు చేసుకుంది. ఇస్త్రీపెట్టె చేతిలో ఉండగానే ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని రక్తదాన శిబిరానికి హాలు మాట్లాడేది. మీటింగు హాల్లో కుర్చీలు తనే వేసేది, గంట తనే కొట్టేది, అధ్యక్షోపన్యాసం తనే ఇచ్చేది, అయ్యాక కుర్చీలు తనే తీసేది. మైకు సంగతి ఆవిడ భర్త చూసుకునేవాడు. కరెంటు పనులు చేసే ఆ మనిషి క్లబ్బులో సభ్యుడు కాడు. అందుకే కాబోలు, పని చేసేవాడు.

ఆ ఇంట్లో మూడో మనిషి ఆయన అక్కగారు, అంటే ప్రెసిడెంటమ్మకు వదిన. వదిన రెండు మూత్రపిండాలూ చెడిపోయాయి, నోరు మాత్రం దివ్యంగా పనిచేస్తోంది. రోజు విడిచి రోజు ఆస్పత్రికి వెళ్ళి రక్తం శుద్ధి చేయించుకోవాలి. మోటారుసైకిలు ఎక్కితే కళ్ళు తిరుగుతాయి, ఆటోకు అన్నిసార్లు డబ్బులు చాలవు. బస్సయితే ఆస్పత్రి గుమ్మం ముందే దించుతుంది కాబట్టి బస్సులోనే వెళ్ళేది. బస్టాపు షాపుకు ఎదురుగానే ఉంది. బస్టాపంటే పాతిపెట్టిన ఓ ఇనుప కడ్డీ, దాని నెత్తిన తుప్పు పట్టిన రేకు. వదిన ఆ పక్కన మురుగుకాలవ మీది రాతిపలక మీద, చీర కొంగు నెత్తిన కప్పుకుని, మండే ఎండలో కూర్చునేది. ప్రెసిడెంటమ్మ ఆ దృశ్యాన్ని షాపు కౌంటరు వెనక నుంచి రోజూ చూసేది. చూసినప్పుడల్లా ఆవిడ చేతిలో ఇస్త్రీ ఆగిపోయేది. ఈ ఒక్క విషయంలో ఆవిడను వెక్కిరించడానికి నాకు నోరు రాదు.

అక్కడో షెడ్డు కట్టాలి, కింద బెంచీ వేయాలి అని ఆవిడ క్లబ్బులో తీర్మానం పెట్టింది. అందరూ ఏకగ్రీవంగా నైతిక మద్దతు తెలిపారు. నైతిక మద్దతుకు కుర్చీలోంచి లేవనక్కర్లేదు మరి. తర్వాత కొన్నేళ్ళపాటు ఆవిడ ఒక్కతే నగరపాలక కార్యాలయం చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. ఆ స్థలం రోడ్ల శాఖదని ఒకాయన అన్నాడు. కాదు, మురుగుకాలవల శాఖదని రోడ్ల శాఖాయన అన్నాడు. కాలవల శాఖాయన ఏమీ అనలేదు, సెలవులో ఉన్నాడు. ఆవిడ ఏ గుమ్మం ముందు పడితే ఆ గుమ్మం ముందు, ఉతకాల్సిన బట్టల మూట ఒళ్ళో పెట్టుకుని బొత్తాలు కుడుతూ కూర్చునేది. చివరికి ఇంజనీరు గారు ఆ బొత్తాలను ఇక చూడలేక సంతకం పెట్టేశాడు.

అనుమతి వచ్చిందని తెలియగానే అన్నేళ్ళుగా నిమ్మకు నీరెత్తినట్లున్న క్లబ్బు ఒక్క ఉదుటున లేచి కూర్చుంది. షెడ్డు గురించి కాదు, షెడ్డుకు తగిలించే బోర్డు గురించి. పళ్ళ డాక్టరు గారు తన పేరు వెనక డిగ్రీలన్నీ ఉండాల్సిందేనన్నాడు. బంగారం కొట్టాయన తన అక్షరాలు డాక్టరు గారి అక్షరాలకంటే చిన్నవైతే తాను చచ్చినా ఊరుకోనన్నాడు. కార్యదర్శి ఇన్సూరెన్సు ఏజెంటు. తన పేరుతోపాటు ఫోను నంబరు కూడా పడితే ప్రజలకు సౌకర్యంగా ఉంటుందన్నాడు. పూర్వ అధ్యక్షులను మరిచిపోతే ఎలాగని ఒకాయన కళ్ళు ఒత్తుకున్నాడు. ఆయన పూర్వ అధ్యక్షుడే. ఎవరినీ నొప్పించకూడదని అక్షరాలు పెంచుతూ పోయారు, అక్షరాలు పెరిగేసరికి బోర్డు పెరిగింది. ఆఖరికి అది షెడ్డు పక్క భాగమంతా, పై నుంచి మోకాళ్ళ దాకా పరుచుకుంది.

దాన్ని ఏ పక్కన పెట్టాలన్న చర్చ ఎక్కువసేపు సాగలేదు. బస్సు వచ్చే వైపే పెట్టాలి. అయితేనే బస్సులో వచ్చే ప్రతివాడూ చదువుతాడు. నిజం చెప్పాలంటే ఆ నిర్ణయానికి అందరికన్నా ముందు చెయ్యెత్తింది ప్రెసిడెంటమ్మే. అందరికన్నా పైన ఉన్న పేరు ఆవిడదే కదా!

ప్రారంభోత్సవానికి, చుట్టుపక్కల ఊళ్ళ క్లబ్బులన్నిటికీ పైనుండే సంఘం పెద్దాయన కారులో వచ్చాడు. రిబ్బను కత్తిరించాడు, ఫొటో కోసం బెంచీ మీద కూర్చున్నాడు, ఫొటో అవగానే లేచాడు. మైకు పట్టుకుని, "ఇలాంటి మనిషిని వచ్చే ఏడు జోను అధ్యక్షురాలిని చేయకపోతే మాకే సిగ్గుచేటు" అన్నాడు. ప్రెసిడెంటమ్మకు ఆ రోజంతా కాళ్ళు నేలమీద ఆనలేదు.

మర్నాడు వదినను స్వయంగా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. బెంచీ మీద కూర్చోబెట్టి, తను పక్కన కూర్చుంది.

"ఎలా ఉంది వదినా?"

"బాగానే ఉందిలే. నా పేరేసి ఉంటే ఇంకా బాగుండేది. ఎండలో కూర్చున్నది నేనైతే పేర్లు మీవి."

ఇంతలో బస్సు వచ్చింది. వచ్చిన బస్సు వచ్చినట్లే వెళ్ళిపోయింది. డ్రైవరుకు పొగరని ప్రెసిడెంటమ్మ తిట్టిపోసింది. చాలాసేపటికి రెండోది వచ్చింది. అదీ ఆగలేదు. మూడోదాని వెనక ఆవిడ కొంగు నడుముకు చుట్టి, కేకలేస్తూ పరుగెత్తింది. అది ఎక్కడో మలుపు దగ్గర ఆగింది. అంత దూరం వదిన నడిచేసరికి అది కాస్తా కదిలిపోయింది. చివరికి ఎలాగో ఆస్పత్రి చేరారు. అప్పటికే వదిన మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. రేపు రమ్మన్నారు.

ఆ రేపటి దాకా వదిన ఒళ్ళు ఆగలేదు. తెల్లారేసరికి కాళ్ళు బండల్లా వాచిపోయాయి, ఊపిరి అందలేదు. అంబులెన్సులో తీసుకెళ్ళి అత్యవసర విభాగంలో చేర్చారు. ప్రెసిడెంటమ్మ వార్డు గోడకు ఆనుకుని, గుడ్ల నీళ్ళు కుక్కుకుంటూ నిలబడింది. సాయంత్రానికి వదినకు కాస్త ఊపిరి కుదుటపడింది. ముక్కు మీది గొట్టం పక్కకు జరిపి దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"ఏమ్మా ప్రెసిడెంటూ, నీ షెడ్డు బాగుంది. చల్లగా ఉంది. బస్సు ఒక్కటే రాదంతే."

"డ్రైవర్ల మీద ఫిర్యాదు ఇస్తాను వదినా, వదిలిపెట్టను."

"డ్రైవర్లేం చేశారే? నేను రాతిపలక మీద కూర్చున్నన్నాళ్ళూ ఒక్కడైనా ఆపకుండా పోయాడా?"

ప్రెసిడెంటమ్మ ఇంటికి వస్తూ బస్టాపు దాటి, బస్సులు వచ్చే వైపు కొంత దూరం నడిచి, రోడ్డు వారన నిలబడి వెనక్కి తిరిగి చూసింది. బోర్డు ధగధగా మెరిసిపోతోంది. అన్నిటికన్నా పైన తన పేరు, కింద డాక్టరు గారి డిగ్రీలు, ఆ కింద ఇన్సూరెన్సు ఫోను నంబరు. ఆ నంబరు కింద ఎవరివో రెండు చెప్పుల కాళ్ళు. ఆ కాళ్ళ తాలూకు మనిషి మాత్రం కనబడలేదు. ఆవిడ చూస్తూండగానే ఒక బస్సు ఆ కాళ్ళను దాటి వెళ్ళిపోయింది. సిగ్గుతో ఆవిడ చెవులు మండిపోయాయి.

క్లబ్బు మీటింగులో గంట కొట్టి, జరిగినదంతా చెప్పి, బోర్డు తీసేద్దామంది. అంతే, అందరూ ఒంటికాలి మీద లేచారు.

"తొందరపడకండి మేడమ్. డ్రైవర్లకు అవగాహన సదస్సు పెడదాం," అన్నాడు డాక్టరు గారు.

"ఏమని అవగాహన?"

"బోర్డు వెనక మనుషులుంటారని."

బంగారం కొట్టాయన ఎదురుగా ఓ పెద్ద గుండ్రటి అద్దం బిగిస్తే డ్రైవరుకు బెంచీ కనబడుతుందన్నాడు. అద్దం అంచు చుట్టూ దాత పేరు రాయించవచ్చన్నాడు. కార్యదర్శి మాత్రం ఖర్చు లేని ఉపాయం చెప్పాడు.

"బస్సు వచ్చే వేళకు జనమే లేచి, బయటికొచ్చి, ఎండలో నిలబడితే సరిపోతుంది కదా?"

"మరి బెంచీ ఎందుకండీ?" అంది ప్రెసిడెంటమ్మ.

"నిలబడటానికి ముందు కూర్చోవడానికి."

పోనీ బోర్డును రెండో పక్కకు మారుద్దామని ఆవిడ ఓ మెట్టు దిగింది. అటు పెడితే వెళ్ళిపోయే బస్సులకు తప్ప ఎవరికీ కనబడదని, వెళ్ళిపోయేవాళ్ళకు మన పేర్లెందుకని కొట్టిపారేశారు. డాక్టరు గారు గొంతు తగ్గించి, "పై సంఘం పెద్దాయన ఆ ఫొటోనే అందరికీ పంచారు మేడమ్. జోను పదవి చేతికందే వేళ. ఆలోచించుకోండి," అన్నాడు. ఆవిడ ఆలోచించుకుంది. కాదని ఎందుకు అబద్ధం చెప్పాలి? ఆ కుర్చీ ఆవిడకు కావాలి. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ఇంటికి వెళ్ళేదాకా ఆలోచించుకుంది, అన్నం కంచం ముందు కూడా ఆలోచించుకుంది.

పొద్దున్నే భర్తతో, "ఏవండీ, నిచ్చెన తీయండి," అంది.

"ఎందుకు?"

"బోర్డు విప్పాలి."

"క్లబ్బువాళ్ళు ఒప్పుకున్నారా?"

"ప్రెసిడెంటుని, నేను ఒప్పుకున్నాను కదా."

"ఎప్పటిదాకా ప్రెసిడెంటువి?"

"వాళ్ళు నిద్ర లేచేదాకా. కానివ్వండి."

ఆయన మరమేకు తర్వాత మరమేకు విప్పుతుంటే ఆవిడ కింద నిచ్చెన పట్టుకుని నిలబడింది. బోర్డు కిందికి దిగింది. దాని వెనక బెంచీ, బెంచీ మీద ఇద్దరు ముసలివాళ్ళు, ఒక గర్భిణి వెలుతురులోకి వచ్చారు. భార్యాభర్తలిద్దరూ బోర్డును చెరో కొసా పట్టుకుని మోసుకెళ్ళి క్లబ్బు హాలు గోడకు ఆనించి వచ్చారు.

మధ్యాహ్నానికల్లా అత్యవసర సమావేశం. అన్నేళ్ళలో క్లబ్బు అంత వేగంగా సమావేశం కావడం అదే మొదటిసారి. గాయపడినవాళ్ళ కోసం ఎన్నడూ పరుగెత్తని కాళ్ళు గాయపడిన అక్షరాల కోసం పరుగెత్తుకొచ్చాయి. ఆవిడను పదవి నుంచి తప్పించారు. తీరిక దొరకని డాక్టరు గారికి ఉన్నట్టుండి తీరిక దొరికింది. కొత్త ప్రెసిడెంటు తొలి తీర్మానం, బోర్డును యథాస్థానంలో బిగించడం.

ప్రెసిడెంటమ్మ లేచింది.

"పెట్టుకోండి డాక్టరు గారూ. మీరు పెట్టిన ప్రతిసారీ నేను విప్పుతాను. ఆ షెడ్డు కోసం ఎన్నేళ్ళు తిరిగానో మీ అందరికీ తెలుసు. ఆ ఓపికలో నేనింకా సగం కూడా ఖర్చు పెట్టలేదు."

బొత్తాలు కుడుతూ ఏళ్ళ తరబడి కూర్చున్న మనిషి అన్న మాట అది. సభ్యులు తీర్మానాన్ని సవరించారు. బోర్డు ఎలాగూ సిద్ధంగా ఉంది కాబట్టి, దానికి సరిపడే సేవ ఏదైనా వెతకమని ఉపసంఘం వేశారు. ఆ ఉపసంఘం ఇంకా వెతుకుతూనే ఉందని వినికిడి.

జోను పదవి వేరే ఊరి మనిషికి వెళ్ళింది. ఆ కబురు విన్న పూట ఆవిడ షాపు వెనక గదిలో వేలాడే కోట్ల మధ్య నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ తర్వాత మొహం కడుక్కుని క్లబ్బు హాలుకు వెళ్ళి కుర్చీలు వేసింది. ఎందుకంటే ఆ రోజు కంటి పరీక్షల శిబిరం, కుర్చీలు వేసే మనిషి ఇంకెవరూ లేరు.

వదిన ఆస్పత్రి నుంచి వచ్చి, మళ్ళీ బస్సు ఎక్కే ఓపిక తెచ్చుకునేసరికి కొంతకాలం పట్టింది. ఆ రోజు వదినామరదళ్ళిద్దరూ వచ్చేసరికి బెంచీ నిండా జనం. ఒకాయన లేచి వదినకు చోటిచ్చాడు. ప్రెసిడెంటమ్మ పక్కన నిలబడింది. కూరగాయల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఓ పెద్దావిడ చుట్టూ చూసి, తృప్తిగా తలాడించింది.

"ఏమైనా అనండి, ఈ ఆఫీసువాళ్ళు ఇన్నాళ్ళకు ఒక్క మంచి పని చేశారమ్మా. ఇంజనీరు ఎవరో గానీ, చల్లగా ఉండాలి."

ఇంజనీరా? సెలవులూ, సంతకాలూ, గుమ్మాలూ అన్నీ ఒక్కసారిగా ప్రెసిడెంటమ్మ నాలుక చివరికి వచ్చాయి. పెదవులు బిగించి రోడ్డు వైపు చూసింది. ఊరుకోలేకపోయింది వదిన. ఆ ఇంట అడుగుపెట్టిన దగ్గర్నుంచీ మరదలిని ఒక్క మంచి మాట అనని వదిన.

"ఆఫీసువాళ్ళూ లేరు, ఇంజనీరూ లేడు. ఇదిగో, మా మరదలు కట్టించింది. ఒక్కతే తిరిగి తిరిగి కట్టించింది."

పెద్దావిడ ప్రెసిడెంటమ్మను తల నుంచి పాదాల దాకా ఓసారి చూసింది. షెడ్డు నాలుగు వైపులా కూడా చూసింది.

"ఊరుకోవమ్మా," అంది నవ్వుతూ. "కట్టించినవాళ్ళయితే పేరేసుకోరూ?"

వదిన చెడామడా ఏదో అనబోయింది. ప్రెసిడెంటమ్మ వదిన చెయ్యి పట్టుకుని లేవదీసింది. అల్లంత దూరం నుంచే వీళ్ళను చూసి బస్సు వేగం తగ్గించింది.