బొమ్మ ఇంజను పొగగొట్టంలో గుగ్గిలం

నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఈ రోజు మా ఇంట్లో జరిగినదానికి తీర్పు మీరే చెప్పాలి.

మా అల్లుడికి బొమ్మ రైళ్ల పిచ్చి. నెలంతా తంటాలు పడి, జానెడు ఇంజనులో పొగ వచ్చే యూనిట్ బిగించాడు. గొట్టంలో రెండు చుక్కల నూనె పోస్తే, లోపలి తీగ వేడెక్కి పొగ వస్తుందట. మా అనంతగిరి వైపు కొత్త వస్తువు ఏదైనా అమ్మవారికి గుగ్గిలం పొగ వేశాకే వాడతాం. అందుకని అల్లుడు స్నానానికి వెళ్లగానే చిటికెడు గుగ్గిలం ఆ గొట్టంలోనే వేశాను. పొగగొట్టం ఉండగా వేరే నిప్పులెందుకు?

అతను వచ్చి స్విచ్ వేశాడు. గుగ్గిలం కరిగి తీగకు అంటుకుపోయింది. పొగ రాలేదు.

“ఏటి సేసినావత్తా! అది ధూపం ఏసే మూకుడనుకున్నావేటి?”

“అమ్మోరికి సూపకుండా మొదటి పొగ ఒగ్గేత్తావా? తప్పు నీదే!”

సాయంత్రం దాకా ఆ తీగను స్పిరిట్ పెట్టి తుడిచాడు. చివరికి ఇంజను తెల్లగా పొగ వదిలింది. ఇల్లంతా గుగ్గిలం వాసన!

“ఇంకోపాలి తుడుత్తావా?” అని అడిగాను.

“ఉండనీలే అత్తా, బాగుంది,” అన్నాడు.

ఇప్పుడు చెప్పండి, తప్పెవరిది?