ట్యాంకర్ నీళ్లు

ఏళ్లుగా ఈ మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెబుతున్నాను. జాలి మాత్రం పడకండి.

కోకాపేటలో మా ఆఫీసు. కంపెనీ తరఫున బడులకూ బస్తీలకూ సాయం చేసే విభాగం నాది. సమాజానికి చేసిన మేలు కంపెనీకే తిరిగొస్తుందని కొత్తవాళ్లకు చెప్పేవాణ్ణి. అది అబద్ధమూ కాదు. నల్లగండ్ల వైపు ఒక బడికి నీళ్లు, మరుగుదొడ్లు ఇస్తే మానేసిన ఆడపిల్లలు తిరిగొచ్చారు. ఆ మంచిపేరుతో మాకు క్లయింట్లూ వచ్చారు. అలాంటి పని కాబట్టే నేను చేసింది మరీ అసహ్యంగా ఉంటుంది.

యాదమ్మ మా అంతస్తులో హౌస్‌కీపింగ్ చేస్తుంది. కూతురు స్వప్న చదివే సర్కారు బడిలో ఆడపిల్లలకు మరుగుదొడ్లు లేవని ఆమే చెప్పింది. కట్టించాం. బోరులో నీళ్లు పడలేదు. పైపులైను వచ్చేదాకా ఆగుదామంటే మా బాస్ ఒప్పుకోలేదు. ప్రారంభోత్సవానికి పెద్దవాళ్లు వస్తున్నారు, ట్యాంకర్‌తో బడి ట్యాంకు నింపించెయ్యమన్నాడు. నింపించింది నేను. ఆ ఉదయం కుళాయి తిప్పగానే ధార, చప్పట్లు. స్వప్న చేతులు కడుక్కుంటుంటే ఫొటో తీయించాను. కంపెనీకి అవార్డు, నాకు ప్రమోషన్.

తర్వాత కుళాయిలు ఎండిపోయాయి. కంపు భరించలేక హెడ్‌మిస్ట్రెస్ తాళం వేయించి నాకు ఫోన్ చేసింది. చూస్తానండీ అన్నాను. చూడలేదు. మర్చిపోయానా? లేదు. నీళ్లు లేవని కంపెనీలో పైవాళ్లకు చెబితే, ఆరోజు పారినవి ఎక్కడివని అడుగుతారని భయం.

ఒకరోజు పాంట్రీలో యాదమ్మ ఆపింది.

"సార్, బడిల నీళ్లెప్పుడొస్తయి? పిల్ల పెద్దమనిషైంది. అక్కడ తిప్పలైతుందని బడికి పోతలేదు."

"వచ్చే వారం వచ్చేస్తాయి యాదమ్మా. పని నడుస్తోంది."

"మీరు జెప్పిన్రు గద, ఇగ ఫికర్ లేదు."

ఏ పనీ నడవడం లేదు. ఆమె నమ్మినందుకు ఆమె మీదే చిరాకేసింది. ఎందుకు నమ్మాలి నన్ను? నిలదీయొచ్చు కదా? ఎంత నీచుణ్ణో చూడండి, మోసపోయిన మనిషిదే తప్పన్నట్టు.

స్వప్న బడి మానేసింది. ఇప్పుడు పక్క టవర్‌లో ఫ్లోర్లు తుడుస్తోంది. పిల్లకు చదువు అబ్బలేదని యాదమ్మ అందరితో అంటుంది. నా ముందే అంది. నేను తలూపాను.

ఇన్నాళ్లూ బాస్‌నే తిట్టుకున్నాను. కానీ ఆయన అడిగింది ట్యాంకర్ ఒక్కటే. వచ్చే వారం అన్నది నా నోరు. ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. ఆమె ఎదుట నిలబడే ధైర్యం ఈరోజుకీ లేదు. అయినా రాశాక కాస్త ఊపిరాడుతోంది. సిగ్గు లేకుండా పీల్చుకుంటున్నాను.