ఆఖరి గడి, నాలుగో బోరు

దిల్‌సుఖ్‌నగర్‌లో నా జిరాక్స్ షాపు పక్కనే మిక్సీలు బాగుచేసే మహిపాల్‌కి ఒక పిచ్చి ఉంది. తల మీంచి పోయే ఉపగ్రహం ద్వారా చేతి రేడియోలో ఎవరెవరితోనో మాట్లాడతాడు. దానికి లైసెన్సు కూడా ఉంది. ఫోన్ ఉంది కదా అంటే మూడు రోజులు నాతో మాట్లాడడు.

ఈ పిచ్చివాళ్లు భూమినంతా గడులుగా గీసుకుని, ఏ గడిలోని మనిషితో మాట్లాడారో రాసి పెట్టుకుంటారు. కాకినాడలో చక్రపాణి అనే పెద్దాయనకి మన రెండు రాష్ట్రాల మ్యాపులో ఒక్క గడే మిగిలింది. అది దేవరకొండ అవతలి అడవి గుట్టలది. ఆయన తన ఇంటిని అపార్ట్‌మెంట్ కట్టేవాళ్లకు ఇచ్చేశాడు. సోమవారం మేడ మీది యాంటెన్నా దించేస్తారు. అందుకని ఆ గుట్టల మీంచి ఆయనతో మాట్లాడటానికి ఆదివారం పొద్దున్నే మహిపాల్ నన్ను కూడా ఎల్‌బీనగర్‌లో బస్సెక్కించాడు. ఉపగ్రహం అందేది పది నిమిషాలు. ఆ పదీ పోతే పెద్దాయన గడి ఇక ఖాళీయే.

గుట్ట మీద నరమానవుడు లేడు. మహిపాల్ కొలత టేపు ముక్కలను పైపుకి బిగించి చేసుకున్న యాంటెన్నా తీసి, కళ్లు సగం మూసుకుని, మెల్లగా తిరగడం మొదలుపెట్టాడు. ఎక్కడినుంచి ఊడిపడ్డారో, పదిహేను మంది వచ్చేశారు. ముందు మేకలు, వాటి వెనక అండాలమ్మ అనే ముసలామె.

"బోరు పాయింట్ చూస్తుండు," అని తేల్చేసింది.

"గది కాదమ్మా, నేను ఆకాశంల..."

"ఆకాశంల ఏముంటదయ్యా? జర కిందికి పట్టు!" అని యాంటెన్నా వంచింది.

ఉపగ్రహం అప్పటికే వచ్చేసింది. రేడియోలో ఒకటే బుసబుస, మధ్యలో చక్రపాణి గొంతు ముక్కలు ముక్కలుగా. ఎవరో పరుగున పోయి కొబ్బరికాయ తెచ్చారు. అరచేతిలో అది లేచి నిలబడిన చోట నీళ్లుంటాయట. మహిపాల్ చేతులు ఖాళీ లేవని నా చేతిలో పెట్టారు. జిరాక్స్ తీసేవాడి చేతిలో కొబ్బరికాయ నిలబడుతుందా?

ఏడు నిమిషాలు పోయాయి. అందరూ ఒకేసారి సలహాలు చెబుతున్నారు. మహిపాల్ కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి నాకు ఒళ్లు మండింది.

"నోర్లు మూయుండ్రి! చప్పుడైతే ఇనవడదు!"

నీళ్ల చప్పుడు గురించే అనుకుని అందరూ బిగుసుకుపోయారు. అండాలమ్మ ఒక మేక మూతి కూడా నొక్కి పట్టింది. మహిపాల్ యాంటెన్నాని మళ్లీ ఆకాశానికి ఎత్తాడు.

"ఇనవడుతున్నరు సార్, నేను ఇనవడుతున్ననా?" అన్నాడు మహిపాల్.

"బాగా వినిపిస్తున్నారండీ! నా గడి నిండిపోయిందండీ మహిపాల్ గారూ!"

మహిపాల్ గంతేశాడు. గంతేసిన చోట అండాలమ్మ రాయి పెట్టింది.

"ఎంత లోతుంటది?"

"నాలుగు వందల కిలోమీటర్లు, పైకి," అన్నాడు ఆ సంబరంలో. తర్వాత రాయిని చూసి ముఖం పాలిపోయింది. "నాకు నీళ్ల సంగతి తెల్వదమ్మా. నన్ను నమ్మి బోరెయ్యకు."

"తెలుసన్నోళ్లు ముగ్గురొచ్చిండ్రు బిడ్డా. మూడు బోర్లు ఎండినయి. తెల్వదన్నోనివి నువ్వొక్కనివే," అని ఆమె రాయిని ఇంకాస్త గట్టిగా తొక్కింది.

వచ్చే ఆదివారం అక్కడికి బోరు బండి వస్తుందట. చక్రపాణి రోజూ ఫోన్ చేసి మురిసిపోతున్నాడు. మహిపాల్ మాత్రం నాలుగు రోజులుగా మిక్సీ ముట్టలేదు. బోరు వేసేటప్పుడు పక్కనే ఉంటానని బయలుదేరుతున్నాడు.

"మల్ల రేడియో మోసుకొస్తవా?" అని అడిగాను.

"ఒద్దు. కొబ్బరికాయ తెస్త. దేవునికి కొడదాం," అన్నాడు.