బట్ట చూసి చేర్పించిన కాలేజీ

మా పెదబాపుకు తెలిసిన విద్య ఒకటే, బట్టను పట్టి చూడటం. సూరత్‌లో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నేసి దించిన గుడ్డను బల్ల మీదికి లాగి, ఎక్కడ పోగు తెగిందో, ఎక్కడ నూనె మరక పడిందో పట్టుకోవటం ఆయన ఉద్యోగం. అందులో ఆయనకు ఎదురు లేదు, ఒప్పుకుంటాను. కాని ఆ ఒక్క విద్యతోనే లోకాన్నంతా కొలుస్తాడు, అదీ వచ్చిన చావు. పెళ్ళికి పోతే పెళ్ళికొడుకు మొహం చూడడు, వాడి చొక్కా అంచు రెండు వేళ్ళ మధ్య పెట్టి నలుపుతాడు. మా బాపు అదే కార్ఖానాలో సాంచాలు నడుపుతాడు. అన్న మాట ఆయనకు వేదం. సూరత్‌లో మేముండే బమ్రోలిలో మావాళ్ళ ఏ ఇంట్లో ఏ సంగతి తేల్చాలన్నా పెదబాపు రావాలి, కూచోవాలి, చాయ్ తాగాలి, ఏదో ఒక గుడ్డను పట్టి చూడాలి.

నా చదువును కూడా అట్లాగే తేల్చాడు.

నేను పన్నెండో తరగతి పరీక్షలు రాసిన వారానికే లాక్‌డౌన్ వచ్చిపడింది. మావాళ్ళు సగం మంది దొరికిన బండి ఎక్కి సొంతూళ్ళున్న కరీంనగర్ దారి పట్టారు. మేం ఉండిపోయాం. ఆ రోజుల్లో అమ్మకు జ్వరం తగిలితే ఏ డాక్టరూ తలుపు తీయలేదు. సందు చివరి కాంపౌండర్ వచ్చి ఇంట్లోనే సెలైన్ ఎక్కించాడు. వాడికి నరం దొరకలేదు. దొరికిందనుకుని పెట్టేసి పోయాడు, అమ్మ చెయ్యి మోచేతి దాకా ఉబ్బింది. వాణ్ణి తిట్టుకుంటూ చల్లటి గుడ్డ వేస్తూ కూచున్నప్పుడే నిర్ణయించుకున్నాను, నేను నర్సును కావాలని. సూది సరిగ్గా పెట్టే చెయ్యి మా సందులో ఒక్కటన్నా ఉండాలి, అది నాదే కావాలి. కాకపోతే నాకు మిగిలేది అమ్మ పక్కన కూచుని చీరల మీద రాళ్ళు అంటించే పని.

కాలేజీ వెతకటానికి బాపు, పెదబాపు, నేను బయల్దేరాం. మొదట చూసింది ఊరి లోపల, ఒక పాత ట్రస్టు ఆసుపత్రికి వెనక ఉన్న నర్సింగ్ స్కూలు. గోడలకు సున్నం పెచ్చులూడింది. మెట్ల నిండా ఫినాయిల్ వాసన. ప్రిన్సిపాల్ బెన్, గుజరాతీలో బెన్ అంటే అక్క, నవ్వని మనిషి. "మొదటి నెల నుంచే వార్డులో డ్యూటీ" అని హిందీలో చెప్పింది. "బెడ్‌పాన్ ఎత్తాలి, వాంతి తుడవాలి. పొద్దున వార్డు, మధ్యాహ్నం క్లాసు. కొత్తలో అందరూ ఏడుస్తారు. ఆ తర్వాత ఏడవటానికి తీరిక దొరకదు." ఆమె మీద నాకు అక్కడికక్కడే గురి కుదిరింది.

పెదబాపు ఆ మాటలు వింటేగా. ఆయన చూపు వరండాలో తీగ మీద ఆరేసిన ఏప్రన్ల మీద ఉంది. ముతక గుడ్డ, ఉతికి ఉతికి పసుపు తిరిగింది. మెల్లగా పోయి ఒకదాని అంచు పట్టి నలిపాడు. మొహం చిట్లించాడు.

"మాల్ గలీజుగున్నదిరా" అన్నాడు బాపుతో. "గింత పెద్ద దవాఖాన, పిల్లలకు మంచి బట్ట గూడ ఇయ్యలేదు. సదువేమిస్తది?"

"పని గూడ చేపిస్తరటనే అన్నా" అన్నాడు బాపు.

"అగో. సదువుకోను పంపితే పీతి ఎత్తిపిస్తరట."

ప్రిన్సిపాల్ బెన్‌కు తెలుగు రాదు కాబట్టి బతికిపోయాం.

రెండోది సచిన్ అనే ఊరికి పోయే దారిలో కొత్త షాపింగ్ కాంప్లెక్సు మూడో అంతస్తులో ఉంది. కింద సెల్‌ఫోన్ల దుకాణం, మధ్యలో జిమ్ము, వాటి నెత్తిన నర్సింగ్ కాలేజీ. ఆసుపత్రి ఏదని అడిగితే టై-అప్ ఉందన్నారు. ఎవరితో అంటే పెద్ద పెద్దవాళ్ళతో అన్నారు. డైరెక్టర్ సాబ్ మాస్కును గడ్డం కిందికి లాక్కుని ఏసీ గదిలో మాకు కూల్‌డ్రింకులు ఇప్పించాడు. ఆ గది వాకిట్లో అద్దాల పెట్టెలో కాదు, బయటే, చేతికందేటట్టు, చీరల దుకాణంలో ఉండే బొమ్మ ఒకటి నర్సు బట్టలు వేసుకుని నిలబడి ఉంది. పెదబాపు కూల్‌డ్రింకు కూడా పూర్తి చేయలేదు. లేచి పోయి, బొమ్మ ఏప్రన్ అంచు రెండు వేళ్ళతో పట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. దేవుడి ముందు కూడా ఆయన అంతసేపు కళ్ళు మూసుకోవటం నేను చూడలేదు.

"ఇది మాల్ అంటే. పోగు జూడు ఎట్లున్నదో. ఎన్నిసార్లు ఉతికినా ముడత వడదు."

డైరెక్టర్ ఆ కాసేపట్లోనే మనిషిని పసిగట్టేశాడు. "చాచా, మీకు బట్ట తెలుసు. బట్ట తెలిసినవాళ్ళు మా దగ్గరికే వస్తారు" అన్నాడు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అనలేదు. మా ఇంటి గొర్రెలు రెండూ తలలు ఊపాయి.

"సర్, రోగులెక్కడ ఉంటారు?" అని అడిగాను.

"కరోనా కాలంలో రోగుల దగ్గరికి ఎందుకమ్మా" అని నవ్వాడు. "అంతా ఆన్‌లైన్. నో డ్యూటీ, నో టెన్షన్."

బాపు మొహం వెలిగిపోయింది. ఆటోలో వస్తూ నాకు మొదటి స్కూలే కావాలని గట్టిగా చెప్పాను. పెదబాపు జాలిగా చూశాడు.

"నీకేం తెలుస్తది బిడ్డా. బట్టను జూస్తే కార్ఖానా తెలుస్తది. కార్ఖానను జూస్తే సేటు తెలుస్తడు."

"అది కార్ఖానా కాదు పెదబాపూ, కాలేజీ."

"అన్నీ కార్ఖానలే" అన్నాడు. ఆయన జీవితంలో నిజం పలికింది ఆ ఒక్కసారే. నాకు మాత్రం అది తెలియటానికి ఏడాది పట్టింది. ఇంటికొచ్చి అమ్మ దగ్గర ఏడ్చాను. అమ్మ రాళ్ళు అంటించటం ఆపకుండా, "పెద్దలు జూసిన్రు గద, ఇంకేంది" అంది. పెద్దలు చూసింది బొమ్మ ఒంటి మీది గుడ్డను. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నన్నే నాలుగిళ్ళవాళ్ళూ తిట్టారు.

సరే, చేరాను. యూనిఫాం ఇచ్చారు. నిజంగానే ముడత పడలేదు. ఎందుకు పడుతుంది, వేసుకుని పోవటానికి చోటుంటే కదా. బీరువాలో పడుకుంది. నేను మేడ మీద నీళ్ళ ట్యాంకు నీడలో ఫోను పట్టుకుని కూచునేదాన్ని. ఇంట్లో కూచుంటే కింద కార్ఖానా మోతకు మేడం నోరు కదలటం తప్ప ఏమీ తెలిసేది కాదు. ఆ మేడం ఒక్కతే మనిషి శరీరం చెప్పేది, మనిషి మనసు చెప్పేది, పల్లెల ఆరోగ్యం చెప్పేది. కెమెరా ఎప్పుడూ పెట్టేది కాదు. వెనకనుంచి కుక్కర్ విజిల్ వినపడేది. సూది వేయటం వీడియోలో చూపించారు. దిండు మీద ప్రాక్టీసు చేయమన్నారు. మా అమ్మ దిండుకు నేను వేసినన్ని ఇంజెక్షన్లు ఏ రోగికీ పడి ఉండవు. పైన పటారం, లోన లొటారం అన్నది ఆ కాలేజీని చూసే పుట్టి ఉంటుంది.

చూపించటానికి రోగులు లేరు కాబట్టి రాయించారు. రోజూ ఏదో ఒక రోగిని మేమే పుట్టించాలి, జబ్బు అంటగట్టాలి, సేవ చేసినట్టు రాయాలి, నయం చేసి పంపాలి. క్లాసులో ఒక పిల్ల పుట్టించిన షుగర్ రోగినే అందరం పంచుకునేవాళ్ళం. ఆ ముసలమ్మ ఎంతమంది చేతుల్లో పడిందో, పాపం. మా కాలేజీలో ఒక్క రోగి కూడా చావలేదు.

నో టెన్షన్ అన్నారు గాని, ఆ రాత పని వెన్ను విరిచేది. పొద్దున నీళ్ళు పట్టాలి, వంట చేయాలి, అమ్మతో చీరలు పూర్తి చేయాలి, క్లాసు వినాలి, ఈ లేని రోగుల కథలు రాయాలి. చివరికి బాపు పద్ధతే పట్టుకున్నాను. బాపు ఒక్కడే వరసంతా సాంచాలు చూస్తాడు. అన్నిటి దగ్గరా నిలబడడు. తిరుగుతూనే ఉంటాడు, పోగు తెగి ఏది ఆగితే దాని దగ్గరికి పోయి ముడి వేసి మళ్ళీ కదులుతాడు. నేనూ సబ్జెక్టులన్నిటినీ నడవనిచ్చి, మేడం ఏది అడిగి తిడితే ఆ రోజు దాన్ని అందుకునేదాన్ని. పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. పెదబాపు సందంతా దూద్‌పేడాలు పంచాడు. నాకు అప్పటికింకా బతికున్న మనిషి నాడి పట్టి చూడటం తెలియదు.

మరుసటి ఎండాకాలం రెండో వేవ్ వచ్చింది. ఆసుపత్రులు నిండిపోయి, పెళ్ళిళ్ళు చేసే హాళ్ళలో మంచాలు వేశారు. నర్సులు చాలక చదువుకునే పిల్లల్ని పిలిచారు. నో డ్యూటీ అన్న డైరెక్టరే సేవ చేసే బంగారు అవకాశమని గ్రూపులో మెసేజ్ పెట్టాడు. మమ్మల్ని ఆ యూనిఫాముల్లో వరసగా నిలబెట్టి ఫోటో తీయించుకున్నాడు. తర్వాత ఆయనగారి మొహం మాకు కనపడలేదు.

హాలులో మమ్మల్ని అప్పగించుకున్న సిస్టర్ కేరళ మనిషి. "ఐవీ పెట్టటం వచ్చా?" అని అడిగింది.

"వీడియోలో చూశాం సిస్టర్."

"మంచిది. వీడియోలోని రోగి వచ్చినప్పుడు పిలుస్తాను" అని తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

సిగ్గుతో చచ్చిపోయాను. అదే హాలులో ఆ ట్రస్టు స్కూలు నుంచి వచ్చిన ఒడియా పిల్ల ఉంది. నేను చేరిన ఏడాదే చేరింది, నాకంటే చిన్నది. పీపీఈ కళ్ళద్దాలకు ఆవిరి పట్టినా వేలితో తడిమి నరం పట్టేది. ఇంటికి పోయి బాపుతో ఆ పిల్ల మాటే చెప్పేదాన్ని. నేను బెడ్‌పాన్లు ఎత్తాను. వాంతులు తుడిచాను. ఊపిరందనివాళ్ళను బోర్లా పడుకోబెట్టాను, ముసలివాళ్ళకు గంజి తాగించాను. మా పెద్దలు వద్దని తప్పించిన పనులన్నీ ఒక్కటీ విడవకుండా చేశాను. పని నేర్చుకుంటున్నందుకు సంతోషంగా ఉండేది, ఇన్నాళ్ళూ నేర్పనందుకు ఒళ్ళు మండేది. సందులో జనం నన్ను చూసి తలుపులు వేసుకునేవాళ్ళు. వాళ్ళే రాత్రయ్యేసరికి ఆక్సిజన్ ఎంతుండాలని ఫోను చేసేవాళ్ళు. వాళ్ళ తెలివి కూడా మా పెద్దల తెలివికి తక్కువేం కాదు.

కొన్నాళ్ళకు సిస్టర్ కాస్త మెత్తబడి నా చేతికి సూది ఇచ్చింది. మొదటి మనిషికి నరం దొరకలేదు. రెండో మనిషికి దొరికి జారింది, చెయ్యి ఉబ్బింది. అమ్మ చెయ్యి పాడుచేసిన కాంపౌండర్‌కూ నాకూ తేడా ఏముందని ఆ పూట అన్నం తినలేదు.

ఆ వారమే బాపు వచ్చాడు. జ్వరాన్ని కార్ఖానా వేడి అని దాచి దాచి, ఊపిరి అందక మా హాలుకే వచ్చాడు. ఆక్సిజన్ పెట్టాం. సిస్టర్ ట్రే నాకు అందించి, "మీ నాన్నే కదా, నువ్వే పెట్టు. నరాలు బాగున్నాయి, ఈయనకు పెట్టలేకపోతే ఇంకెవరికీ పెట్టలేవు" అంది.

నిజమే, ఆ చేతి మీద నరాలు తాళ్ళలా లేచి ఉన్నాయి. పట్టీ కట్టాను. దూదితో తుడిచాను. బాపు నా మొహం చూశాడు, సూది చూశాడు. చెయ్యి లాక్కుని దుప్పటి కింద పెట్టుకున్నాడు. ఆయాసపడుతూనే, తనకొచ్చిన హిందీలో సిస్టర్‌తో అన్నాడు: "మేడం, దీన్నొద్దు. గా దూస్రా కాలేజ్ పిల్లను పిలువుండ్రి."

హాలులో అందరికీ వినపడింది. ఒడియా పిల్ల వచ్చింది. బాపు చెయ్యి తనంతట తనే చాచాడు. ఆమె ఒక్క పోటుకే పెట్టేసింది. "మంచిగ జేసినవ్ బిడ్డా" అన్నాడు తెలుగులో. ఆమెకు అర్థం కాలేదు, నాకు అర్థమైంది. కళ్ళద్దాల లోపల కన్నీళ్ళు తుడుచుకునే వీల్లేదు కాబట్టి అట్లాగే ట్రే పట్టుకుని నిలబడ్డాను. నన్ను కన్న మనిషి ముందు నాకు అంత అవమానం ఎన్నడూ జరగలేదు.

ఆక్సిజన్ తీసేసిన రోజు గంజి తాగిస్తూ అడిగాను.

"నాకు రాదని నీకెట్ల తెలుసు బాపూ? నేను పెట్టనే లేదు గద."

"తెల్వకేంది" అన్నాడు చెంచా వైపు చూస్తూ. "ఏరి ఏరి చేర్పించింది నేనే గద."

చెంచా గిన్నెలో పడేసి లేచి వెళ్ళిపోదామనుకున్నాను. లేవలేదు.

"అయితే నేను అది మానేస్తున్న."

"మానెయ్" అన్నాడు. మూతి తుడుచుకుని, "మీ పెదబాపుకు చెప్పకు" అన్నాడు.

వర్షాలు మొదలయ్యాక ఒక్కదాన్నే ట్రస్టు స్కూలుకు పోయాను. ప్రిన్సిపాల్ బెన్ నా పన్నెండో తరగతి మార్కులు చూసి, మధ్యలో ఒక ఏడాది ఖాళీ ఉందేమని అడిగింది. ఆ ఏడాది ఎక్కడ చదివావంది.

"ఎక్కడా చదవలేదు బెన్" అన్నాను.